రెండు దిండ్లు

నాన్నగారు కాలి పుండుకు కట్టు కట్టించుకుని వచ్చారు. ఆ కాలి కింద రెండు దిండ్లు పెట్టాను. కాళ్లలో సిరలు ఉబ్బిన అమ్మకు డాక్టరుగారు చెప్పింది అదే మరి! ఆ రాత్రంతా ఆయన మూలుగుతూనే ఉన్నారు. కాలు మంచం మీంచి కిందికి వేలాడేస్తేనే కాస్త ఊరట.

మర్నాడు కట్టు మార్చడానికి ఇంటికొచ్చిన సిస్టర్ ముందు ఆ దిండ్లు తీసేశారు. పాదం మీద రెండు వేళ్లు ఆనించి నాడి వెతికారు. అందీ అందనట్టుంది.

"చూడమ్మా, అమ్మగారిది సిరల జబ్బు. రక్తం పైకెక్కక కాళ్లలో నిలిచిపోతుంది. అందుకే కాళ్లు ఎత్తిపెట్టాలి, బిగుతు మేజోళ్లు తొడగాలి. నాన్నగారిది ధమనుల జబ్బులా ఉంది. రక్తం కిందికే రావట్లేదు. ఎత్తితే ఆ వచ్చేదీ తగ్గుతుంది. బిగించి కట్టినా ముప్పే" అన్నారు.

వేడి కాపడం వద్దన్నారు. స్పర్శ తగ్గిన పాదం కాలినా తెలియదట. చుట్ట మానాల్సిందే అన్నారు. ఆ రోజే రక్తనాళాల డాక్టరుకు చూపించమన్నారు.

ఆస్పత్రికి బయల్దేరుతూ నాన్నగారు చుట్టల కట్ట నా చేతిలో పెట్టారు. ఇప్పుడు దిండ్లన్నీ అమ్మవే. ఇద్దరి కాళ్లూ ఒకేలా వాచాయనుకున్నాను. సేవ మాత్రం ఒకటి కాదని ఆ రెండు వేళ్లే చెప్పాయి.