వైఫైకి తాళం

షామ్‌బర్గ్‌లో మేము నలుగురం ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. మా వైఫై గోడ అవతలికి కూడా అందుతుంది. దాంతో ఎవరో పైరసీ సినిమా డౌన్‌లోడ్ చేస్తే, నోటీసు కనెక్షన్ ఎవరి పేరున ఉందో వాళ్లకే వస్తుంది. వీసా మీద ఉన్నోళ్లకు ఆ తలనొప్పి ఎందుకు?

రౌటర్ మీద అంటించిన పాస్‌వర్డ్ మార్చి పొడుగాటిది పెట్టుకున్నాం. సెట్టింగ్స్‌కి ఉండే అడ్మిన్ పాస్‌వర్డ్ వేరు, అదీ మార్చాం. సెక్యూరిటీలో డబ్ల్యూపీఏ3 పెట్టాం. పాత రౌటరైతే డబ్ల్యూపీఏ2 చాలు. 2001లోనే గుట్టు బయటపడ్డ డబ్ల్యూఈపీ మాత్రం వద్దు. డబ్ల్యూపీఎస్ ఆపేశాం. వచ్చిపోయేవాళ్లకు గెస్ట్ నెట్‌వర్క్ ఇస్తాం.

రూమ్ ఖాళీ చేసి ఎవరైనా వెళ్తే పాస్‌వర్డ్ మళ్లీ మారుస్తాం. అనుమానంతో కాదు. సైట్‌లో పని మానేసినోళ్ల దగ్గర తాళంచెవి తీసుకుంటాం కదా, ఇదీ అట్లాగే.