కస్బ్ మారితే ఇజ్జత్ పోతుందా?



నౌక్రీ కోసం తిరిగి తిరిగి నాఉమ్మీద్ అయిపోయిన పిల్లలు మన ఇళ్లల్లో చాలామందే ఉన్నారు. నేనూ వాళ్లలో ఒకణ్ణి. ఖమ్మంలో మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తిచేసి ఐదేళ్లయింది. హైదరాబాద్‌లో ఒకచోట పదకొండు నెలలు ట్రైనీగా పెట్టుకుని తీసేశారు. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ కోర్సు, ఇంటర్వ్యూలు. "ఫోన్ చేస్తాం" అన్నవాళ్లు ఒక్కరూ చెయ్యలేదు. రూము కిరాయి కట్టలేక రంజాన్‌కి ముందు సారపాక వచ్చేశాను.

ఇంటర్వ్యూలో కాదనిపించుకోవడం కంటే దావత్‌లో ఎదురయ్యే సవాలే కష్టం. "బేటా, ఇప్పుడేం చేస్తున్నావ్?" జవాబు లేక ప్లేటులో బిర్యానీ కలుపుతూ కూర్చుంటాను. ఈమధ్య నిఖాలకు వెళ్లడమే మానేశాను.

ఇప్పుడు నా ముందు రెండు దారులున్నాయి. అబ్బా దగ్గర మిగిలిన నలభై వేలు పెట్టి ఇంకో కోర్సులో చేరడం ఒకటి. భద్రాచలంలో మోటార్ల వైండింగ్ చేసే ఒక ఉస్తాద్ దగ్గర ఏడాదిపాటు షాగిర్ద్‌గా చేరడం రెండోది. ఈ రెండో మాట వినగానే మా ఫుప్పు "తోబా! ఇంజినీర్ పోయి షాగిర్ద్ అయితడా? చెల్లెకు రిష్తాలొచ్చే టైములో!" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫుప్పు అన్నదాంట్లో ఆమె ఫికర్ కూడా ఉంది మరి.

కానీ మా ఖాందాన్‌లో కస్బ్ మార్చడం నాతో మొదలు కాలేదు. మేం దూదేకులవాళ్లం. నూర్‌బాషా, పింజారి, లద్దాఫ్ అని కూడా అంటారు. మా దాదా భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకేవాడు. 1965లో భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన పడకముందు పడవ మీద అవతలికి పోయేవాడట. ఎండాకాలం అడవిలో బూరుగు కాయలు పగిలితే కోయవాళ్ల దగ్గర ఆ దూది కొని, దిండ్లు కుట్టి అమ్మేవాడు. అబ్బా కాలానికి ఏకుడు మిషన్ వచ్చింది. తర్వాత ఫోమ్ పరుపులొచ్చాయి. ఇప్పుడు మా దుకాణానికి పాత పరుపులు విప్పి మళ్లీ కుట్టే పనే ఎక్కువగా వస్తుంది, అదీ పెళ్లిళ్ల సీజన్‌లో.

మొన్న ఇషా నమాజ్ అయ్యాక అబ్బాను అడిగాను, "నేను చదువు వదిలేస్తే మీ పైసలు జాయా అయినట్టేనా?" అని.

అబ్బా కాసేపు ఆలోచించాడు. "నేను విల్లు పక్కనబెట్టి మిషన్ తెచ్చిన్నాడు మీ దాదా మూడు నెలలు నాతో సరిగ మాట్లాడలే. కానీ ఏ దూది ఎంతసేపు ఏకాలె, పరుపుకెంత పట్టుద్దో నాకు తెలుసు. అది తెల్వనోళ్లు మిషన్లు కొని ఏడాదికే అమ్ముకున్నరు. నువ్వు నేర్సుకున్నది నీకాడనే ఉంటది బేటా."

ఆ మాటతో నా లెక్క మారింది. ఏం వదులుకుంటున్నానని కాకుండా, ఏం వెంట తీసుకుపోతానని చూసుకున్నాను. షాఫ్ట్, బేరింగ్, పంపు సామర్థ్యం, డ్రాయింగ్ చదవడం నాకు తెలుసు. రాగి తీగ చుట్టడం తెలియదు, అది నేర్చుకోవాలి. గోదావరి పక్కన మిరప, పత్తి వేసే రైతులకు ఓల్టేజీ పడిపోయినప్పుడల్లా మోటార్లు కాలిపోతాయి. ఉస్తాద్ దుకాణం ముందు అవి వరసగా పడి ఉండటం నా కళ్లతో చూశాను. ఇక్కడ పని ఉంది. మొదటి ఏడాది చేతికొచ్చేది తక్కువ, ఆ మాట ఉస్తాద్ ముందే సాఫ్‌గా చెప్పాడు. కోర్సు వాళ్లు అలా చెప్పలేదు.

2007లో బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చాక మన ముసల్మాన్ పిల్లలు ఎంతోమంది ఇంజినీరింగ్ సీట్లలో కూర్చున్నారు. మా దూదేకులవాళ్లు అంతకుముందే బీసీ-బిలో ఉన్నారు. ఆ సీటు కోసం అమ్మీలు కమ్మలు తాకట్టు పెట్టారు. అందుకే దారి మార్చాలంటే మాకు అంత శరం. కానీ దావూద్ అలైహిస్సలాం ఇనుముతో కవచాలు చేశారు, జకరియా అలైహిస్సలాం వడ్రంగం చేశారు. పైగంబర్లు చేసిన చేతిపనిని మన ఇళ్లల్లో ఎందుకు చిన్నచూపు చూస్తున్నాం? రిజ్క్ ఇచ్చేవాడు అల్లాహ్ అని రోజూ అంటాం. అది ఫలానా కంపెనీ గేటులోంచే రావాలని మాత్రం మనమే షరతు పెడుతున్నాం.

చదివింది వదిలెయ్యమని ఎవరికీ మష్వరా ఇవ్వడం లేదు. ఇంకో ఏడాది ఆగగలిగే ఇంటివాళ్లు ఆగొచ్చు. మా ఇల్లు ఆగలేదు. అబ్బా మోకాళ్లు ఆగలేవు.

వచ్చే జుమ్మాలోపు జవాబు చెప్పమన్నాడు ఉస్తాద్. ఇస్తిఖారా చేస్తున్నాను. మనసు మాత్రం వంతెన అవతలికే లాగుతోంది. మీ దువాల్లో నన్ను యాద్ చెయ్యండి. దావత్‌లో నాలాంటి పిల్లాడు కనిపిస్తే నౌక్రీ సంగతి అడక్కండి, పక్కన కూర్చోబెట్టుకుని భోజనం పెట్టండి.