కాన్ ఊరి ఉప్పు

లండన్ నుంచి బ్రిస్టల్ పోయే పాతబాట మీద, విల్ట్‌షైర్‌లో, కాన్ అనే చిన్న ఊరుంది. ఊరి నడుమ కంచు పందుల బొమ్మలు చూసి నవ్వాను. మా బావ నవ్వలేదు.

"ఈ ఊరికి అన్నం పెట్టినవి అవేనోయ్!" అన్నాడు.

నిజమే. హారిస్ కుటుంబం ఇక్కడ పందిమాంసాన్ని ఉప్పులో ఊరవేసి బేకన్ చేసింది. పంతొమ్మిదో శతాబ్దం నడుమ మంచుగడ్డల గదులు కట్టాక, తక్కువ ఉప్పుతో ఏడాది పొడుగునా చేయగలిగారు. 1982లో ఫ్యాక్టరీ మూతపడింది. రుచి మాత్రం పోలేదు.

మర్నాడు పొద్దున్నే బావ పళ్ళెంలో నాలుగు ముక్కలు. రక్తపోటు మనిషి! మాంసకృత్తులు, బి విటమిన్లు ఉన్నమాట నిజమే. వాటి వెంట ఉప్పూ కొవ్వూ దండిగా ఉన్నాయి. గులాబిరంగు నిలిపి, విషక్రిములను ఆపే నైట్రైటు కడుపులో చేరి హానికర పదార్థాలు పుట్టించగలదు. రోజూ 50 గ్రాముల నిలవమాంసం తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారి క్యాన్సర్ పరిశోధన విభాగం చెప్పింది. నూటికి పద్దెనిమిది మందికి వస్తుందని కాదు. ఉన్న ముప్పే అంత హెచ్చుతుందని.

ఇదంతా ఏకరువు పెట్టాను.

"నీ కంచంలో ఆవకాయకు ఉప్పు లేదుటోయ్?" అన్నాడు బావ.

జవాబు తోచలేదు. చివరికి ఒప్పందం కుదిరింది: ఆయన బేకన్ ఆదివారానికి, నా ఆవకాయ పూటకొక బద్దకు. ఇప్పుడు జాడీ మూత తీసినప్పుడల్లా ఆ కంచు పందులే గుర్తొస్తున్నాయి.