భద్రాచలం తూర్పా, బెజవాడ తూర్పా?

ఒక్క ప్రశ్న అడుగుతాను, ఫోను జేబులోంచి తియ్యకుండా చెప్పాలి. భద్రాచలం, బెజవాడ... ఈ రెండింట్లో ఎక్కువ తూర్పున ఉన్నది ఏది?

"బెజవాడే! అడగాలా?" అన్నారు కదూ? కాదండీ. భద్రాచలమే, అదీ సుమారు పాతిక కిలోమీటర్ల మేర.

మా మధిర వాళ్లకి రెండూ బాగా ఎరికైన ఊళ్లే. పెళ్లి బట్టలకి బెజవాడ, రాములవారి కల్యాణానికి భద్రాద్రి. అయినా బోల్తా పడతారు. మనసు ఊళ్లను విడివిడిగా దాచుకోదు మరి, మూటలు కట్టి పెడుతుంది. ఆంధ్ర మూట తూర్పున, తెలంగాణ మూట పడమర. బెజవాడ ఏ మూటలో ఉందో చూసి జవాబు చెప్పేస్తాం. 1978లో స్టీవెన్స్, కూప్ అనే ఇద్దరు అమెరికాలో ఈ తమాషానే పట్టుకున్నారు. సముద్రపు ఒడ్డున కాలిఫోర్నియాలో ఉన్న శాన్ డియాగోయే నెవాడాలోని రీనో కంటే పడమర అన్నారు జనం. తీరా చూస్తే రీనోయే పడమర!

అలాగని మెదడుని మరీ చులకన చెయ్యకండి. అందులో ఒక్కో చోటుకి స్పందించే కణాలు వేరే ఉన్నాయని 1971లో జాన్ ఓకీఫ్ ఎలుకల్లో చూశాడు. దూరాలకి గళ్లు గీసే కణాల సంగతి 2005లో మోసర్ దంపతులు తేల్చారు. ముగ్గురికీ కలిపి 2014లో నోబెల్ వచ్చింది. ఆ ఏడే మనకి రాష్ట్రాల మధ్య గీత పడింది, అది వేరే కథ. ఆ కణాల చలవేనేమో, వైరా ఒడ్డున మృత్యుంజయస్వామి గుడి దగ్గర నిలబెట్టి అడిగితే, మధిరలో పుట్టినవాడెవడైనా కళ్లు మూసుకుని రైల్వేస్టేషన్ వైపు వేలు చూపిస్తాడు. కాళ్లకి తెలిసిన చోట పొరపాటు తక్కువ. నడిచి కొలవని దూరాల దగ్గరే సరిహద్దు గీతల్ని నమ్ముకుంటాం.

ఇంకో ముచ్చట. 1959 దాకా భద్రాచలం తూర్పుగోదావరి జిల్లాలో ఉండేది. ఆ రోజుల్లో ఇదే ప్రశ్న వేసి ఉంటే సరైన జవాబే ఠక్కున వచ్చేదని నా అనుమానం. ఖమ్మం జిల్లాలో కలిపాక ఊరు అక్కడే ఉంది, మన బుర్రల్లో మాత్రం పడమరకి జరిగింది.

ఈ ప్రశ్న ఇవాళ మీ ఇంట్లో అడిగి చూడండి. కాకపోతే పందెం ముందే కాయండి, జవాబు విన్నాక ఎవరూ కాయరు.