ఒక్కపొద్దులును వీడ్కోలు విందును

మా పాఠశాలలోని ముస్లిము బాలురు కొన్ని యేండ్ల క్రిందట నొక చిన్న సంఘముగా నేర్పడిరి. శుక్రవారము కలిసి నమాజునకు పోవుట, వెనుకబడినవారికి లెక్కలు చెప్పుట, పాతపుస్తకములు సేకరించి లేనివారి కిచ్చుట: ఇంతకు మించి వారికి నియమావళి లేదు. పిల్లలు వేఱుపడిపోవుదురేమో యని కొందఱు తల్లిదండ్రులు మాతో ననుచుందురు. మాకట్టి భయము లేదు.

అలీగఢు చరిత్ర చదివినవారికి నుండదు. సర్ సయ్యద్ అహమదుఖాను గారు 1875లో నచట స్థాపించిన పాఠశాలయే కళాశాలగా పెరిగి, 1920లో విశ్వవిద్యాలయమైనది. అచటి విద్యార్థులు నమాజు చేసిరి, క్రికెట్టు ఆడిరి, సభలలో వాదించిరి. 1890లో కొందఱు 'అంజుమనుల్ ఫర్జు', అనగా కర్తవ్య సమాజము, నెలకొల్పి బీద విద్యార్థులకై చందాలు పోగుచేసిరి. చందాకై గడప గడపకు తిరుగువానికి పొరుగువాని ముఖము తెలియక తీరదు గదా! 1963లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమున ముస్లిము విద్యార్థుల సమాఖ్య పుట్టినది. పైచదువులకై పరదేశము వచ్చిన యువకులే దానికి ముఖ్యులు. నేడు హైదరాబాదునుండి యచటికి పోవు పిల్లలకు సయిత మిట్టి సంఘములే తఱచుగా మొదటి చుట్టములు.

మా బాలురకు చిక్కు 2025లో వచ్చినది. హిజరీ సంవత్సరమునకు అధికమాసము లేమిచే రంజాను ఏటేట సుమారు 11 దినములు ముందునకు జరుగుచుండును. ఆ యేడు మన దేశమున ఒక్కపొద్దులు మార్చి 2వ తేదీన నారంభమైనవి. ఆంధ్రప్రదేశమున పదియవ తరగతి పరీక్షలు 17వ తేదీన. నడుమ వీడ్కోలు విందు. (ఆ 5వ తేదీయే భస్మ బుధవారము. ఆ పిల్లల కఠోరవ్రతముముందు మన శ్రమకాలపు టుపవాసము మిక్కిలి సుకుమారమని మా యభిప్రాయము.)

విందు సాయంకాలము 4 గంటలకు. ఒక్కపొద్దు విడుచుట సూర్యాస్తమయమునకు. సంఘములో నొకడు పోనేకూడదనెను. వేఱొకడు పోయి యూరక కూర్చుందమనెను. మూడవవాడు తానే వడ్డించెదననెను. మొదటివాని మాట త్రోసివేయదగినది కాదు. అన్నపానములు మానుట వ్రతములో నొక పాలు మాత్రమే; కన్నును నాలుకను నిగ్రహించుటయు నందు భాగమే. సినిమాపాటలకు చిందులు త్రొక్కు చోట నది సాగదని వాని వాదము. విందును సాయంసంధ్యకు జరిపెదమని మేమనగా బాలురే వలదనిరి. పల్లెలకు పోవువారికి బస్సు దొరకదట. తమకొఱకు తరగతియంతయు నేల యాకలితో నుండవలెనట!

ఇంత చర్చలో బాలికల నెవ్వరును అడుగలేదు. ఇది మాకు నచ్చలేదు. వారు తామే వచ్చి, ఉపన్యాసములు విని, అసరు నమాజు వేళకు గ్రంథాలయపు గదికి పోయెదమని ఉపాధ్యాయినితో చెప్పి యేర్పాటు చేసికొనిరి. బాలురకంటె వారి యాలోచన సూటిగా నుండెను.

ఆనాడు ముగ్గురు బాలురు, నీటి చుక్కయైన ముట్టక, పులిహోరయు బూందీయు వడ్డించిరి. ఒకడు అలవాటుచొప్పున వ్రేలు నాకబోయి, చటున చేయి వెనుకకు తీసికొనెను. తరగతియంతయు నవ్వినది, వాడును నవ్వెను. ప్రొద్దు గ్రుంకునప్పటికి హిందూ, క్రైస్తవ బాలురు కొందఱు వారికొఱకు నిలిచి యుండిరి. అందఱును ఖర్జూరములు తినిరి.

రాననిన బాలుడు రాలేదు. వానిని సంఘమునుండి తీసివేయుదమని యొకరు, వాడే నిజమైన ముస్లిమని మఱియొకరు. రెండు దినములు మాటలు పెరిగినవి. వాని బల్లపై కూర్చుండు క్రైస్తవ బాలుడు మాత్రము వానివంతు మిఠాయిని కాగితమున జుట్టి, మగ్రిబు దాటినపిదప వారి యింటికి గొనిపోయెను. తల్లిగారు వానిని భోజనము చేయక కదలనీయలేదట.

జూను మాసమున బడి తెఱచినపుడు ఆ బాలుడు తన పదియవ తరగతి పుస్తకములన్నియు అట్టలు వేసి, సంఘపు పెట్టెలో నుంచుటకు తెచ్చి యిచ్చెను. లెక్కల పుస్తకము మాత్రము మిఠాయి తెచ్చిన బాలుని చెల్లెలికి ముందే యిచ్చివేసితినని చెప్పెను.