ఉక్కులో దూరే వాయువు

విజయవాడ నుంచి హైదరాబాదు రోడ్డున వెళితే, ఎడమచేతి వైపు కృష్ణ కొంతదూరం మనకు తోడు వస్తుంది. ఇబ్రహీంపట్నం చేరేసరికి ఆకాశాన్నంటే పొగగొట్టాలు కనిపిస్తాయి. కొండపల్లికి బొమ్మలు కొనబోయేవారు వాటిని చూసి, "కరెంటు తయారయ్యే చోటు" అనుకుని సాగిపోతారు. అది నార్ల తాతారావు థర్మల్ విద్యుత్కేంద్రం. 1979లో ఇక్కడ మొదటి యంత్రం తిరగటం ప్రారంభించింది. బొగ్గుమంట నీటిని ఆవిరి చేస్తుంది. ఆ ఆవిరిని తిరిగి చల్లార్చేది ప్రకాశం బరాజు వెనక నిలిచిన కృష్ణ నీరే.

కరెంటు పుట్టించే జనరేటరు లోపలి వేడిని తీసేయటానికి మాత్రం హైడ్రోజన్ వాయువు కూడా కావాలి. పాత పుస్తకాలలో దీని పేరు ఉదజని. గాలికన్న 14 రెట్లు తేలిక. వేడిని గాలికన్న సుమారు 7 రెట్లు చురుకుగా మోసుకుపోతుంది.

ఇక్కడే ఒక చిక్కున్నది. జనరేటరు నడుమ ఉండే రోటరు నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంది. దానిమీది రాగి చుట్లు, వడిసెలలోని రాయిలాగా, బయటికి ఎగిరిపోవాలని చూస్తాయి. వాటి కొసలను అదిమిపట్టేవి రెండు ఉక్కు కడియాలు. ఒక్క కడియం పగిలినా జనరేటరు మిగలదు. దగ్గరున్న మనుషులకు ప్రాణగండం.

అంతటి ఉక్కును వాయువు ఏం చేస్తుందంటారా? 1875లో జాన్సన్ అనే ఇంగ్లీషు ఆయన ఇనుపతీగను కొద్ది నిమిషాలు ఆమ్లంలో ముంచి తీశాడు. వంచితే పుటుక్కున విరిగింది. విరిగినచోట తడి చేస్తే బుడగలు వచ్చాయి! తీగలో దూరిన ఉదజని అది.

ఉదజని పరమాణువులు జంటలుగా ఉంటాయి. జంటగా ఉక్కులోకి పోలేవు. ఉక్కు పైన జంట విడిపోయిందో, ఒంటరి పరమాణువు ఇనుప పరమాణువుల సందుల్లోంచి, తిరునాళ్ళ జనంలో చిన్నపిల్లవాడిలా, దూరిపోతుంది. అయస్కాంతానికి అంటుకునే మామూలు ఉక్కులో చకచకా పోతుంది. ఈ కడియాలు మాంగనీసు, క్రోమియం కలిపిన, అయస్కాంతానికి అంటని ఉక్కువి. వీటిలో పరమాణువులు మరీ కిక్కిరిసి ఉంటాయి గనక నత్తనడక. అయినా ఎక్కడ లాగుడు ఎక్కువో, ఎక్కడ సన్నని బీట ఉన్నదో, అక్కడికే చేరుతుంది. బీట పెరుగుతుంది.

చిత్రమేమంటే, పొడి ఉదజనికన్న తేమ ఎక్కువ అపాయం. నీరు లోహాన్ని తినేటప్పుడు ఒంటరి పరమాణువులు అక్కడికక్కడే పుడతాయి. వెనకటి కడియాలలో నూటికి 18 పాళ్ళు మాంగనీసు, 5 పాళ్ళు క్రోమియం ఉండేవి. తేమ తగిలితే బీటలు తీసేవి. క్రోమియాన్ని కూడా 18 పాళ్ళు చేశాక ఆ బెడద చాలావరకు తగ్గింది.

జనరేటరులోని ఉదజనిని ఎప్పటికప్పుడు ఆరబెడుతూనే ఉంటారు. ఇక భయమల్లా యంత్రాన్ని మరమ్మతుకు విప్పినప్పుడే. కృష్ణా డెల్టాలో వానాకాలపు గాలి సంగతి మీకు తెలియనిదా? ఉప్పుజాడీ మూత తీసిపెడితే సాయంత్రానికి చెమరుస్తుంది! ఆ గాలి సోకకుండా కడియాలను కప్పి, వెచ్చగా ఉంచి, చెవికి వినబడని ధ్వనిని వాటిలోకి పంపి బీటల కోసం వెతుకుతారు.