పరగోడు: ఏరు, మిద్దె, ఇన్సూరెన్సు

బెంగుళూరు నుండి హైదరాబాదు పోయే పెద్ద రోడ్డులో సుమారు నూరు కిలోమీటర్లు పోతే బాగేపల్లి వస్తుంది. అక్కడ దిగి చిత్రావతి వైపు మళ్ళితే కొద్ది దూరంలోనే పరగోడు. చిక్కబళ్ళాపురం జిల్లా లోనిది. 2007కు ముందు కోలారు జిల్లా కింద ఉండేది. బస్సు మీది బోర్డు, బడి గోడ మీది అక్షరాలు, పంచాయితీ రసీదు అన్నీ కన్నడమే. కానీ రచ్చకట్ట మీద కూర్చున్న వారి మాటంతా తెలుగు. ఆఫీసులో కన్నడం రాసి, ఇంటికి వచ్చి తెలుగులో కోప్పడే నావంటి వారికి ఈ ఏర్పాటులో వింత ఏమీ తోచదు. కొత్తవారు మాత్రం ఏ రాష్ట్రంలో ఉన్నామో తెలియక కాసేపు తికమక పడతారు.

ఊరికి ఆధారం చిత్రావతి. చిక్కబళ్ళాపురం దగ్గరి కొండలలో పుట్టి, మా తాలూకా దాటి ఆంధ్రదేశంలోకి దిగి, పుట్టపర్తి పక్కగా పోయి, బుక్కపట్నం చెరువుకు నీరిచ్చి, చివరకు పెన్నలో కలుస్తుంది. ఏరని పేరే గాని ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. పరగోడు దగ్గర దీనికి అడ్డంగా ఆనకట్ట కట్టి బాగేపల్లి, గుడిబండ ఊళ్ళకు తాగునీరు ఇస్తున్నారు. 2000 తరువాత ఆ కట్ట పని సాగుతున్న రోజులలో ఆంధ్రవారు గట్టిగా అభ్యంతరం చెప్పినారు. 1892లో మద్రాసు, మైసూరు సర్కార్లు చేసుకున్న నదుల ఒప్పందంలో చిత్రావతి పేరు కూడా ఉన్నది. పైవారు కట్ట కడితే కింది చెరువులు ఏమి కావాలని వారి ప్రశ్న. ఉన్న నీరు చారెడు, తగాదా మాత్రం బారెడు. మా ఊరివారికి అటు పక్క బంధువులు, ఇటు పక్క పొలాలు. ఎవరి తరఫున మాట్లాడినా ఇంట్లో ఒకరికి కోపం వచ్చేది.

ఇటువంటి చోట నీళ్ళు లేవని ఏడ్వడం తప్ప, నీళ్ళు ఎక్కువైనాయని ఏడ్చే పని మా పెద్దలకు పెద్దగా పడలేదు. సముద్రం ఇక్కడికి సుమారు 250 కిలోమీటర్లు. తుఫాను అంటే కోస్తావారి బాధ అనుకొనేవాళ్ళం. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఇక్కడివారు రేడియోలో విని నిట్టూర్చినారని మా నాయన చెప్పేవాడు. 2014లో హుద్‌హుద్ గాలి విశాఖపట్నాన్ని చీల్చి చెండాడితే మేము టీవీలో చూసినాము. సరిగ్గా 2021 నవంబరులో బంగాళాఖాతం వాయుగుండాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చినాయి. 19వ తేదీ తెల్లవారుజామున ఒకటి చెన్నై దగ్గర తీరం దాటింది. దాని వాన రాయలసీమను, మా ఎగువ సీమను కూడా ముంచింది. ఎండి పడుకొన్న చిత్రావతి లేచి నిలబడింది. కట్ట మీద నీరు పొంగి పారింది. దిగువన వెల్దుర్తి దగ్గర ఏటి నడుమ చిక్కుకొన్న పది మందిని హెలికాప్టరులో బయటికి తీసినారు. అదే రోజు కడప జిల్లాలో చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్ళు కొట్టుకొని పోయినాయి.

పరగోడులో ఎవరి ప్రాణమూ పోలేదు. మా అక్క ఇంటి ఉత్తరపు గోడ పోయింది.

ఆ ఇంటిని గురించి కొంచెం చెప్పాలి. ముందర రెండు అంకణాలు రాతి కూసాల మీద బండలు పరిచిన మిద్దె; వెనుక మూడు అంకణాలు మట్టిమిద్దె. దూలాలు, వాటి మీద దంతెలు, వాటి మీద కట్టెపేళ్ళు, ఆపైన మట్టి. ఆ మట్టి మీద ఏటేటా వానకారుకు ముందు చవుడు పోయాలి. చవుడు మామూలు మన్ను కాదు. ఉప్పు తేలిన నేల నుండి తవ్వి తెచ్చేది; తడిస్తే ముద్దయి బిగుసుకొంటుంది, నీటిని కిందికి దిగనివ్వదు. గడ్డి మొలిస్తే పీకాలి, దోనెకు అడ్డం పడ్డ ఆకులు తీయాలి. ఈ పనులు తప్పకుండా చేసినంత కాలం మట్టిమిద్దె రెండు మూడు తరాలు నిలుస్తుంది; వేసవిలో అందులో పడుకొన్న వారికి ఫ్యాను అక్కర లేదు. బావ పోయిన తరువాత చవుడు తోలించేవారు లేరు. పిల్లవాడు అమెరికాలో. కూలివాళ్ళు బెంగుళూరులో. రెండేళ్ళు చవుడు పడలేదు. పది రోజుల ముసురుకు పైనుండి దిగిన నీరు గోడలోకి పోయింది, గోడ నాని ఒక రాత్రి కూర్చున్నది. అక్క ముందరి బండల మిద్దెలో పడుకొని ఉండడం వల్ల బతికింది.

మా మేనల్లుడు ఉండేది ఫ్లారిడా రాష్ట్రంలో, టాంపా నగరంలో. అక్కడ మనవాళ్ళు బాగానే ఉన్నారు. 2025 జూలైలో ఉత్తర అమెరికా తెలుగు సంఘం వారి సంబరాలు ఆ ఊళ్ళోనే జరిగినాయి. గోడ సంగతి వినగానే వాడు ఫోనులో అడిగిన మొదటి ప్రశ్న, "మామా, ఇంటికి ఇన్సూరెన్సు ఉందా?" అని. అక్క పక్కనే ఉండి విన్నది. "మిద్దెకు ఇన్సూరెన్సు ఏందిరా, అదేమన్నా లారీనా?" అన్నది.

వాడు అట్లా అడగడానికి కారణం ఉన్నది. వాడి బాధ వాడిది. అక్కడ అప్పు తీసుకొని ఇల్లు కొన్న వారెవరైనా ఇంటికి బీమా చేయకపోతే బ్యాంకు ఒప్పుకోదు. ఆ బీమా కిస్తు మూడు నాలుగు ఏండ్లలో తనకు రెండింతలు అయిందని చెప్పినాడు. 1992 ఆగస్టులో ఆండ్రూ అనే తుఫాను ఫ్లారిడా దక్షిణాన్ని నేలమట్టం చేసినప్పుడు ఎన్నో కంపెనీలు దివాలా తీసినాయట. ఎవరూ బీమా ఇవ్వని ఇళ్ళ కోసం 2002లో సర్కారే సిటిజన్స్ అనే సంస్థ పెట్టింది. 2022లో ఇయన్ తుఫాను, 2024లో పదమూడు రోజుల ఎడంలో హెలీన్, మిల్టన్. ఈ ఏండ్లలో కొన్ని కంపెనీలు మూతపడినాయి, కొన్ని తప్పుకొన్నాయి, 2023 నాటికి ఆ సర్కారు సంస్థ నెత్తిన సుమారు 14 లక్షల ఇళ్ళు పడినాయి.

కంపెనీలు దురాశతో ధర పెంచుతున్నాయని మేనల్లుడి మాట. కొంత నిజం ఉండవచ్చు. కానీ లెక్కలు రాసే పని చేసేవాణ్ణి కనుక నాకు ఇంకొకటి తోస్తుంది. నూరు ఇళ్ళలో ఒక ఇంటికి నిప్పు అంటుకొంటే మిగిలిన తొంభై తొమ్మిది ఇళ్ళవారి కిస్తులతో దానిని కట్టవచ్చు. చీటీపాట తెలిసిన మనకు ఇది అర్థం కావడం కష్టం కాదు. తుఫాను అట్లా కాదు. నూరు ఇళ్ళనూ ఒకే రాత్రి తడుముతుంది. చీటీలో ఉన్న వారందరికీ ఒకే నెలలో డబ్బు అవసరమైతే పాట ఎట్లా నడుస్తుంది? అందుకని ఆ కంపెనీలు తమ భారాన్ని ఐరోపాలోని ఇంకా పెద్ద కంపెనీల మీద పెడతాయి. ఆ పెద్దవారు భయపడి ధర పెంచితే ఆ పెంపు టాంపాలో ఇంటి మీదికి వచ్చి వాలుతుంది.

వాడు చేసిన ఉపాయాలు చెప్పినాడు. నష్టం జరిగితే మొదట మనమే భరించవలసిన భాగాన్ని అక్కడ డిడక్టిబుల్ అంటారు. తుఫానుకు అది రొక్కంగా కాక ఇంటి విలువలో నూటికి ఇంత అని ఉంటుంది. వాడు రెండు నుండి ఐదుకు పెంచుకొన్నాడు, కిస్తు తగ్గింది. నాలుగు లక్షల డాలర్ల ఇంటికి మొదటి ఎనిమిది వేలు మనవి అనుకొన్నది ఇప్పుడు ఇరవై వేలు మనవి అయింది. ఆ ఇరవై వేలు విడిగా దాచుకొనే శక్తి ఉన్నవాడికే ఈ ఉపాయం పనికివస్తుంది, లేనివాడికి గొయ్యి. రెండవది, ఇంటి కప్పును గోడలకు లోహపు పట్టీలతో బిగించి, కిటికీలకు గట్టి తలుపులు పెట్టించి, తనిఖీ చేయించుకొంటే కిస్తులో తగ్గింపు ఇవ్వాలని ఆ రాష్ట్ర చట్టమే ఉన్నది. మూడవది వింత: ఇంటి బీమాలో గాలి నష్టం ఉంటుంది, వరద ఉండదు. వరదకు 1968 నుండి నడుస్తున్న కేంద్ర సర్కారు పథకంలో వేరుగా కట్టాలి. కట్టిన ముప్పై రోజులకు గాని సాధారణంగా అది అమలుకు రాదు. తుఫాను కనబడిన తరువాత పరుగెత్తితే లాభం లేదన్నమాట. అప్పు తీరిపోయిన ముసలివారు కొందరు అసలు బీమానే మానుకొంటున్నారని కూడా చెప్పినాడు.

కప్పును బిగిస్తే కిస్తు తగ్గుతుందన్న మాట విని అక్క, "చవుడు పోస్తే గోడ నిలబడుతుందని నేనూ చెప్పినా గదా, వినేదెవరు?" అన్నది.

ఇక మా పక్క లెక్క. పరగోడులో ఇన్సూరెన్సు అంటే అందరికీ తెలిసినది పంటది. 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమాలో వానకారు వేరుశెనగకు, రాగికి రైతు కట్టేది నూటికి రెండు. మిగిలినది రెండు సర్కార్లు భరిస్తాయి. పంచాయితీ మొత్తానికి దిగుబడి సరాసరి తీసి పరిహారం తేలుస్తారు. తన చేను ఎండినా పక్క చెరువు కింది చేను పండితే చేతికి రాదు. దాని మీద ఊళ్ళో తిట్టనివారు లేరు, కట్టడం మాత్రం మానరు. ఇల్లు కూలితే సర్కారు పరిహారమే దిక్కు. 2021 వానలకు కర్ణాటక సర్కారు పూర్తిగా కూలిన ఇంటికి 5 లక్షలు, ఎక్కువ భాగం దెబ్బతిన్న దానికి 3 లక్షలు, కొద్దిగా దెబ్బతిన్న దానికి 50 వేలు అని ప్రకటించింది. ఆ సొమ్ము తక్కువ ఏమీ కాదు. కానీ గ్రామ లెక్కాధికారి వచ్చి చూడాలి, ఫోటో తీయాలి, ఏ తరగతో రాయాలి. అన్నిటికన్నా ముందు, ఇల్లు ఎవరిది?

అక్కడ చిక్కుపడింది. ఖాతా బావగారి తండ్రి పేరిట ఉన్నది. ఆయన పోయి ముప్పై ఏండ్లు దాటింది. ఆయన ముగ్గురు కొడుకులలో ఒకరు హిందూపురంలో, ఒకరు లేరు, మూడవవారు మా బావ. అందరి సంతకాలు, మరణ పత్రాలు, వంశవృక్షం, పంచాయితీ వారి ఇ-స్వత్తు నమూనాలు. అర్జీలు రాయడం నా వృత్తి గనుక రాసినాను; తిరగడానికి ఏడాది పట్టింది. ఈలోపల పరిహారం జాబితా మూసినారు. కార్యాలయం వారిని అని లాభం లేదు. చచ్చినవారి పేరిట ఇల్లు పెట్టుకొని బతికినవారికి డబ్బు ఇమ్మంటే ఎవరిస్తారు?

కొత్త ఖాతా వచ్చిన తరువాత ఇంటి బీమా సంగతి విచారించినాను. 2021 ఏప్రిలు 1 నుండి మన దేశంలో కంపెనీలన్నీ భారత్ గృహరక్ష అనే ఒకే నమూనా పాలసీ ఇవ్వాలని నియంత్రణ సంస్థ ఏర్పాటు చేసింది. నిప్పు, పిడుగు, భూకంపం, గాలివాన, వరద అన్నీ అందులోనే. వరదకు వేరే కాగితం అక్కరలేదు. స్థలం ధర కాక, ఇంటిని తిరిగి కట్టడానికి అయ్యే ఖర్చుకే బీమా. ఇంటి సామానుకు ఆ మొత్తంలో ఐదవ వంతు, 10 లక్షలకు మించకుండా, దానంతట అదే చేరుతుంది. 10 లక్షల ఇంటికి ఏడాదికి వెయ్యి రూపాయలు కూడా కాదు. మేనల్లుడికి చెబితే నమ్మలేదు. సున్న ఏదైనా వదిలినావేమో చూడు మామా అన్నాడు. ఇక్కడ ధర ఇంకా పెరగలేదంటే, అడిగేవారు తక్కువ కావడం ఒక కారణం. ఏండ్ల తరబడి చెమ్మ ఊరి పాడైన గోడకు ఇవ్వరు. ఇంకొక షరతు మన సంఘంలోని వారు గుర్తు పెట్టుకోదగినది: నెల రోజులకు మించి ఇంటిలో ఎవరూ ఉండకపోతే కంపెనీకి తెలపాలి. సొంత ఊళ్ళో ఇల్లు తాళం వేసి బెంగుళూరులో కాపురముంటూ కాగితం బీరువాలో ఉన్నదని ధైర్యంగా ఉన్నవారు ఒకసారి తీసి చదవడం మంచిది.

ఏజెంటు బాగేపల్లి నుండి వచ్చినాడు. మర్యాదస్తుడే. ముందరి బండల మిద్దె చూసి కొలతలు రాసుకొన్నాడు. వెనుకకు తీసుకొని పోయి మట్టిమిద్దె చూపగానే పెన్నుకు మూత పెట్టినాడు. దీన్ని కొట్టి సిమెంటు కప్పు వేయండి, అప్పుడు చూద్దాం అన్నాడు. మేనల్లుడు దానికి సరే అన్నాడు, డబ్బు పంపుతానన్నాడు. అక్క ఒప్పుకోలేదు. "వేసవిలో మీరెవరూ వచ్చి పడుకోరు, నేను గదా పడుకొనేది."

చివరకు ముందరి భాగానికి మాత్రం పాలసీ రాయించినాము. వెనుక పడిన గోడను రాతితో మోకాలెత్తు వరకు లేపి ఆపైన మట్టి పెట్టినారు. చవుడుకు ట్రాక్టరు దొరకడమే కష్టమైంది. ఈ పని తెలిసిన మనిషి ఊళ్ళో ఇద్దరే మిగిలినారు, ఒకడికి మోకాళ్ళ నొప్పులు. వాడు కింద కూర్చొని చెబుతుంటే వాడి మనుమడు పైన పరిచినాడు. ఖర్చు బీమా కిస్తుకు ఎన్నో రెట్లు అయింది. మేనల్లుడు అది తన కిస్తు లెక్కలోనే రాసుకొన్నానన్నాడు.

పాలసీ కాగితం వచ్చిన రోజు అక్కకు కన్నడం చదివి తెలుగులో చెప్పినాను. అంతా విని, "ఎనుముల కొట్టం ఇందులో ఉందా?" అని అడిగింది. మనుషులు కాపురముండే ఇల్లు కాదు గనుక చేరదని ఏజెంటు చెప్పిన మాట చెప్పినాను. అక్క లేచి పోయి, కొట్టం మీద మిగిలిన నాలుగు తట్టల చవుడు ఎక్కడ పోయాలో ఆ పిల్లవాడికి చూపించ సాగింది.